చూసేవాళ్ళూ, చూసుకునేవాళ్ళూ

మన భాషలో 'చూడటం' అని ఒక మాటుంది. 'చూసుకోవటం' అని ఇంకో మాటుంది. వరసకి అక్కాచెల్లెళ్ళే గానీ కాపరాలు వేరు. చందమామని చూస్తాం, సినిమా చూస్తాం, పెళ్ళికూతుర్ని చూసి వస్తాం. పాలు పొంగకుండా చూసుకుంటాం, పసిపిల్లని చూసుకుంటాం, మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటాం. మొదటిదానికి కళ్ళుంటే చాలు. రెండోదానికి కళ్ళతోపాటు చేతులూ, నడుమూ, బోలెడంత ఓపికా కావాలి. ఈ తేడా ఏ పండితుడూ వచ్చి మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇల్లు నడిపే ప్రతి ఆడమనిషికీ తెలిసిందే.

పొద్దున్నే ఈ వ్యాకరణం ఏమిటమ్మా అంటారా? ప్రపంచమంతా చెప్పుకునే ఒక పుస్తకాన్ని ఈ రెండు మాటలతో తూచి చూద్దామని. దాని పేరు 'ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్'. రాసినాయన ఆల్డస్ హక్స్‌లీ అనే ఇంగ్లీషు రచయిత. 1954లో అచ్చయింది. పట్టుమని వంద పేజీలుండదు. అయినా, మందు మింగితే ప్రకృతిలో కలిసిపోవచ్చని నమ్మేవాళ్ళందరికీ డెబ్భై ఏళ్ళుగా అదే పెద్దబాలశిక్ష.

ఆ పుస్తకం మా ఇంటికి రావటానికి కారణం మా అక్కయ్య కొడుకు. వాడికి కాలిఫోర్నియాలో ఉద్యోగం. పోయిన కార్తీకంలో సెలవు మీద వచ్చి, మా వీధి ఆడవాళ్ళతోపాటు తనూ వాడరేవుకి వనభోజనాలకి బయల్దేరాడు. చీరాల చుట్టుపక్కల వాళ్ళకి తెలిసిందే. వాడరేవు ఇసకలో ఉసిరిచెట్టు దొరకదు గనక ఇంటి దగ్గర్నుంచే ఒక రెమ్మ పట్టుకెళ్ళి, సరుగుడు తోటలో పాతి, దానికే పసుపూ కుంకుమా పెట్టి శాస్త్రం కానిస్తాం.

"పిన్నీ, అక్కడ మా స్నేహితుడొకడు పుట్టగొడుగులేవో తిన్నాడు. నాలుగ్గంటలసేపు తనకీ చెట్టుకీ తేడా తెలియలేదట. తానే చెట్టైపోయాడట!" అన్నాడు మావాడు సరుగుడు చెట్టుకి జారబడి.

మా ఎదురింటి మామ్మగారు గారెలపిండి కలుపుతూ విన్నారు. "చెట్టైపోతే పోయాడు గానీ నాయనా, ఆ చెట్టుకి ఓ చెంబెడు నీళ్ళు పోశాడా?" అన్నారు.

అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. అమెరికా వెళ్ళేముందు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, "మామ్మగారి ప్రశ్నకి ఇందులో జవాబుందేమో చూడు పిన్నీ" అన్నాడు. చూశాను. ఉంది. కాకపోతే అందులో ఉన్నది సగం జవాబే. మిగతా సగం కోసం ఆ రచయిత జీవితంలోకీ, ఆయన రాసిన చివరి నవలలోకీ వెళ్ళాల్సి వచ్చింది. ఆ రెండు సగాల సంగతే మీతో చెబుదామని.

ముందు పుస్తకం. 1953 మే నెలలో ఒక ఉదయం, లాస్ ఏంజెలిస్‌లో తన ఇంట్లో, హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుణ్ణి దగ్గర పెట్టుకుని హక్స్‌లీ అరగ్లాసు నీళ్ళలో కలిపిన మెస్కలిన్ తాగాడు. గ్రాములో అర వంతు కూడా కాదు, 0.4 గ్రాము. మెక్సికో ఎడారుల్లో పెరిగే నాగజెముడు జాతి మొక్క ఒకదానిలో ఉండే పదార్థం అది. అక్కడి ఆదివాసులు ఆ మొక్కని తరతరాలుగా పూజల్లో వాడుతున్నారు. ఇవాళ ఇటువంటి మందులన్నిటినీ కలిపి 'సైకెడెలిక్' అంటున్నాం చూడండి, ఆ మాట పుట్టించిందీ ఈ ఆస్మండే, 1956లో హక్స్‌లీకి రాసిన ఒక ఉత్తరంలో. మనసుని వెల్లడి చేసేది అని దానికి అర్థం.

గంటన్నర గడిచింది. బల్లమీద చిన్న గాజు పూలకుండీ. అందులో మూడే పూలు, ఒక గులాబి, ఒక కార్నేషన్, ఒక ఐరిస్. పొద్దున్న చూసినప్పుడు ఆ మూడిటి రంగులూ ఒకదానికొకటి నప్పలేదనుకున్న మనిషికి, ఇప్పుడు అవి లోపల్నుంచి వెలుగుతూ ఊపిరి తీస్తున్నట్టు కనిపించాయి. ఆ తర్వాత కుర్చీ కాళ్ళు. ఆ తర్వాత తన ప్యాంటు ముడతలు! మన ఇళ్ళలో ముడతలు కనిపిస్తే ఇస్త్రీపెట్టె గుర్తొస్తుంది. ఆయనకి బ్రహ్మాండం కనిపించింది.

ఎందుకిలా అయిందో ఆయన చెప్పిన కారణం మన సాగరు కాలవల కింది వాళ్ళకి తేలిగ్గా బోధపడుతుంది. మెదడు ఒక తూములాంటిదట. అవతల నిండుగా నీళ్ళున్నాయి. బతకటానికి ఎంత కావాలో అంతే బోదెలోకి వదులుతుంది తూము. మందు ఆ తూము తలుపు కాసేపు పైకి లేపేస్తుంది. ఈ ఆలోచన తనది కాదనీ, బెర్గ్‌సన్ వంటి తత్వవేత్తలదనీ ఆయనే చెప్పుకున్నాడు. వినటానికి బాగానే ఉంది. తూమెత్తేస్తే పొలం ఏమవుతుందో మన రైతునడగండి, అది వేరే సంగతి.

పుస్తకంలో నాకు నచ్చింది నిజాయితీ. ఆహా ఓహో అని ఊరుకోలేదాయన. తోటలోకి వెళ్ళి, కుర్చీ మీద పడ్డ చారల నీడ చూస్తూ చూస్తూ, ఇంకొక్క అడుగు వేస్తే పిచ్చెత్తుతుందని భయపడ్డానని రాశాడు. పదహారో ఏట కంటిజబ్బు వచ్చి చూపు దాదాపుగా పోగొట్టుకుని, జన్మంతా మసకకళ్ళతో నెట్టుకొచ్చిన మనిషి ఆయన. అటువంటివాడు ఒక పువ్వుని తనివితీరా చూశానంటే ఎగతాళి చేయటానికి నాకు మనసొప్పలేదు.

కానీ ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ఆ గదిలో ఆయనతోపాటు ఇద్దరున్నారు. ఒకరు ఆస్మండ్. రెండోవారు ఆయన భార్య మరియా. వాళ్ళ కళ్ళలోకి చూడాల్సి వస్తుందేమోనని తను కావాలనే తప్పించుకున్నానని హక్స్‌లీ రాసుకున్నాడు. కుర్చీకాళ్ళతో ఏకమైపోయిన మనిషికి కట్టుకున్న భార్య కళ్ళు బరువైపోయాయన్నమాట! ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. పువ్వు ఏమీ అడగదు. కుర్చీ అలగదు. మనిషి అలా కాదు. కళ్ళెత్తి చూస్తే చాలు, ఏదో ఒకటి ఇమ్మని అడిగినట్టే ఉంటుంది.

మరి ఆ మరియా ఎవరనుకున్నారు? చూపు సరిగా లేని భర్తకి కారు నడిపింది ఆవిడే. కళ్ళు నొప్పులంటే పుస్తకాలు చదివి వినిపించింది ఆవిడే. ఒక్కమాటలో చెప్పాలంటే ఆయన కళ్ళు ఆవిడే. ఆ కళ్ళనే ఆ మధ్యాహ్నం ఆయన చూడలేకపోయాడు.

ఈ లోటు హక్స్‌లీకి తెలుసు. అందుకే బైబిల్లోంచి మార్తా, మరియల కథ తెచ్చాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చర్చికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకి ఆ కథ కొట్టిన పిండి. ఏసు ప్రభువు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటూ ఉండిపోయింది. మార్త వంటింట్లో సతమతమైపోయి, "నా చెల్లెలు నాకు సాయం రాలేదు, చూశారా" అని మొరపెట్టుకుంది. మెస్కలిన్ మరియ దారి తెరుస్తుంది గానీ మార్త దారి మూసేస్తుందని హక్స్‌లీ తీర్పు. ఆ చూపుతో మనిషి ఏ పనీ చెయ్యలేడు, చెయ్యాలనీ అనిపించదు అని ఒప్పుకున్నాడు.

ఈ తీర్పు చదువుతుంటే నాకు మన వనభోజనాలే కళ్ళకి కట్టాయి. ప్రకృతితో మనిషికి చుట్టరికం కలపటానికి మన పెద్దలు పెట్టిన పండగ అది. చెట్టుకింద కూర్చుని తినటమే పూజ. ఎంత చక్కటి ఊహ! కానీ ఆ చెట్టుకింద ఎవరెక్కడ కూర్చుంటారో ఎప్పుడైనా గమనించారా? మగవాళ్ళు చాపల మీద చేరగిలబడి సముద్రం చూస్తుంటారు. పిల్లలు నీళ్ళలో. మూడు రాళ్ళ పొయ్యి ముందు, గాలికి ఆరిపోతున్న మంటకి చీరకొంగు అడ్డంపెట్టి, ఇసక పడకుండా పులిహోర గిన్నెకి మూతేసి, పొగకి కళ్ళు తుడుచుకుంటూ ఉండేది ఎవరు? ప్రతి మరియ వెనకా ఒక మార్త ఉంటుంది. ఇప్పుడిప్పుడు వంటవాళ్ళకి చెప్పి డబ్బాల్లో తెప్పించుకుంటున్నాం గానీ, ఆ వండే చోట కూడా మార్తలే కదా ఉన్నది.

హక్స్‌లీ ఒక్కడే ఇలాగా అంటే, కాదు. ఎల్‌ఎస్‌డీ అనే మందుని 1938లో మొదట తయారుచేసిన స్విట్జర్లాండు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ కథ చూడండి. 1943 ఏప్రిల్ 19న కావాలని కొంచెం మింగి, తల తిరుగుతూ సైకిలెక్కి ఇంటికి చేరాడు. విషానికి విరుగుడుగా ఉంటుందని పక్కింటావిణ్ణి పాలు తెచ్చిపెట్టమన్నాడు. పాపం ఆ ఇల్లాలు తెచ్చింది. ఆయన రెండు లీటర్లకి పైగా తాగాడు. మరి ఆ పాలు తెచ్చినావిడ ఆయన కంటికి ఎలా కనిపించింది? రంగుల ముసుగేసుకున్న మాయదారి మంత్రగత్తెలా! ప్రపంచమంతా ఏకమైపోయే ఆ మహానుభవాల్లో చెంబు పట్టుకుని వచ్చిన మనిషికి దక్కే మర్యాద ఒక్కోసారి ఇలా ఉంటుంది.

అయితే హాఫ్‌మన్ దగ్గర ఇంకో ముచ్చట ఉంది. అది నాకు పాల కథ కంటే విలువైనదనిపించింది. 1979లో ఆయన తన జీవితానుభవాన్ని పుస్తకంగా రాస్తూ, ప్రయోగశాలతో మొదలుపెట్టలేదు. చిన్నప్పుడు మే నెలలో ఒక పొద్దున, తన ఊరి పక్క కొండమీది అడవిదారిన నడుస్తుంటే, ఉన్నట్టుండి ఆకులూ వెలుగూ కొత్తగా కనిపించి, తానూ ఆ అడవీ వేరుకాదన్న ఆనందం పట్టుకుందట. ఏ మందూ లేదు. ఒక పిల్లవాడు, ఒక అడవి, పక్షుల పాటలు. అంతే. తన దగ్గర ఆ మందు తయారవటానికి ఎన్నో ఏళ్ళ ముందే, అది చూపిస్తుందని జనం చెప్పుకునేది ఆయన ఉచితంగా చూసేశాడు.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారిదీ ఈ దారే. ఆయనా హక్స్‌లీ కాలిఫోర్నియాలో గొప్ప స్నేహితులు. కృష్ణమూర్తి పుస్తకం 'ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్'కి హక్స్‌లీ ముందుమాట రాశాడు. అదీ 1954లోనే! ఒకే ఏడాది ఒక చేత్తో మందు గురించి పుస్తకం, ఇంకో చేత్తో ఏ మందూ, ఏ గురువూ అక్కర్లేదనే మనిషికి ముందుమాట. కృష్ణమూర్తి 1961 జూన్ నుంచి ఏడు నెలలపాటు రాసుకున్న దినచర్య 1976లో 'నోట్‌బుక్' పేరుతో వచ్చింది. న్యూయార్కు నుంచి మన రిషీవ్యాలీ దాకా ఎక్కడున్నా ఆయన కొండనీ, నీడనీ, చెట్టునీ, దారినపోయే మేఘాన్నీ చూసిన తీరు చదివితే హక్స్‌లీ పూలకుండీ కాస్త వెలవెలబోతుంది. మత్తులేని చూపు గనక మర్నాడు కూడా నిలుస్తుంది.

ఇక్కడ కూడా నా తక్కెడ నేను పక్కన పెట్టను. కృష్ణమూర్తిగారి దినచర్యలో సూర్యోదయాలెన్నో ఉన్నాయి, వంటింటి పొగ మాత్రం కనపడదు. ఆయన ఎక్కడికి వెళ్ళినా స్నేహితులు ఆదరించి చూసుకున్నారు. ఆయన చూశారు, వాళ్ళు చూసుకున్నారు. కాకపోతే ఒక్క మేలు జరిగింది. ఆయన చూపు రిషీవ్యాలీలో ఒక బడిగా నిలిచింది. ఎండిన కొండల మీద మొక్కలు నాటారు, కాపాడారు, ఇవాళ అక్కడ పక్షులొచ్చి వాలుతున్నాయి. అంటే ఆ చూపులోంచి చూసుకోవటం పుట్టిందన్నమాట. మామ్మగారి చెంబెడు నీళ్ళు అక్కడ దొరికాయి.

మన కవిత్వం సంగతో? ఆకుల్లో ఆకుగా, కొమ్మల్లో కొమ్మగా కలిసిపోయి ఈ అడవిలోనే ఉండిపోకూడదా అని కృష్ణశాస్త్రిగారు 1925 నాటి 'కృష్ణపక్షం'లోనే తహతహలాడారు. 1982లో 'మేఘసందేశం' సినిమాలో సుశీలగారు పాడాక అది నోట రాని ఆడపిల్ల లేదు. మనందరికీ ఆ కోరిక ఎందుకంత తియ్యగా ఉంటుందో తెలుసా? ఆకుకి అత్తగారుండదు. కొమ్మకి నెలసరి ఖర్చుల లెక్కుండదు. చాకిరీ లేని చోటికి పారిపోవాలనే ఆశ ఆ పాటలో మనకి మనం కలుపుకుంటాం. తప్పులేదు. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది, పాడుతూనే కూర తరుగుతాం. పాటకీ మందుకీ ఉన్న తేడా అదే.

అన్నట్టు, ఇటువంటి కబుర్లు మొదలవగానే "ఇవన్నీ మన వేదాల్లో ఉన్నవే, సోమరసం అంటే ఏమిటనుకున్నారు" అనేవారు ఒకరుంటారు. ఋగ్వేదంలో తొమ్మిదో మండలం దాదాపుగా అంతా సోమానికి సంబంధించిందే, నిజమే. ఆ సోమం ఒక ఎర్రటి పుట్టగొడుగని వాసన్ అనే అమెరికా ఆయన 1968లో పెద్ద పుస్తకమే రాశాడు. పండితులు ఇవాళ్టిదాకా ఒక మాట మీదికి రాలేదు. వాళ్ళు తేల్చేదాకా మన పెరట్లో ఉమ్మెత్తకాయల జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకండి. అది దర్శనమిచ్చే మందు కాదు, ప్రాణం తీసే విషం.

ఇక సైన్సువాళ్ళు ఏమంటున్నారో కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతమంటారు. 'ప్రకృతితో మీకెంత దగ్గరతనం ఉంది' అని ప్రశ్నలు వేసి మార్కులిచ్చే పద్ధతి ఒకటి వచ్చింది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2018లో, మామూలు మందులకి లొంగని దిగులుజబ్బు ఉన్న ఏడుగురికి పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ ఇచ్చి చూస్తే ఆ మార్కులు పెరిగాయి. 2019లో ఇంకొంత పెద్ద పరిశీలన చేశారు. మందు తీసుకోబోతున్నవాళ్ళని ముందూ తర్వాతా అడిగితే, ఆ దగ్గరతనం పెరిగిందనీ, రెండేళ్ళ తర్వాత అడిగినా నిలిచిందనీ తేలింది. చుట్టూ చెట్టూ చేమా ఉన్నచోట తీసుకున్నవాళ్ళకి ఇంకా ఎక్కువట.

వినగానే ముచ్చటేస్తుంది. కానీ ఆ లెక్క ఎలా తీశారో చూడండి. మందు తీసుకోవాలని సొంతంగా తీర్మానించుకున్నవాళ్ళే జవాబులిచ్చారు. తీసుకోనివాళ్ళని పక్కన పెట్టి పోల్చలేదు. పైగా జవాబు వాళ్ళ నోటిమాటే. "నేను ప్రకృతిలో భాగాన్ననిపిస్తోంది" అని మనిషి చెప్పింది రాసుకున్నారు. కోడలు తనని బాగా చూసుకుంటోందా అని అత్తగారిని అడక్కుండా, "నాకు మా అత్తగారంటే ప్రాణం" అని కోడలు చెప్పిన మాటకే మార్కులేసినట్టుంది! చెట్టుని అడగలేం, నిజమే. చెట్టు బతికుందో లేదో వెళ్ళి చూడొచ్చు కదా.

దిగులుజబ్బుకి ఇవి మందుగా పనికొస్తాయా అన్నది వైద్యుల సంగతి. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి ఉన్న మానసిక వైద్యులు కొందరు రోగులకి సైలోసైబిన్ ఇవ్వటానికి చట్టం ఒప్పుకుంది. జబ్బుతో నలిగేవాళ్ళకి మేలు జరిగితే అంతకంటే కావలసిందేముంది? మన దేశంలో మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ దగ్గర ఉంచుకోవటమే నేరం. సరదాకని పిల్లలెవరైనా మొదలుపెడితే సరదా ఎక్కడికి దారితీస్తుందో హక్స్‌లీ తోటకుర్చీ భయం చదివిస్తే చాలు.

చేతులతో ప్రకృతిని ఎరిగినవాళ్ళని ఎవరూ ప్రశ్నలు వేసి మార్కులివ్వరు. మన వైపు మిరప కల్లాల్లో కూర్చుని తొడాలు తీసే ఆడవాళ్ళకి ప్రకృతితో సంబంధం అరచేతుల మంట రూపంలో ఉంటుంది. రాత్రి ఇంటికెళ్ళి ఆ చేత్తో పసిబిడ్డని ఎత్తుకోవటానికి కూడా జంకుతారు. పత్తిచేలో మందుకొట్టే మనిషి ఊపిరి నిండా ఉండేదీ ప్రకృతితో పెట్టుకున్న సంబంధమే. ఇది మధురమైంది కాదు. ప్రకృతిని ఎరగటమంటే ప్రేమించటమే అనుకుంటే వీళ్ళ నొప్పిని కవిత్వం చేసినట్టవుతుంది.

వాడరేవులో ఇంకొక ఉదాహరణ ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పుతీరమంతా ఇంజను పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక సముద్రాన్ని దాని మానాన వదిలెయ్యాలి. ఆ రోజుల్లో వెళ్ళి చూడండి. పడవలు ఒడ్డున ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. గంపెత్తుకుని ఊరూరా తిరిగే ఆడవాళ్ళకి బేరం పలచబడుతుంది. సర్కారు భృతి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఇల్లు నెట్టుకొస్తారు. అది చట్టం గనక చేస్తున్నారు, మనసారా కాదు అంటారా? కావచ్చు. కానీ నాలుగ్గంటలసేపు సముద్రమైపోయినవాడి వల్ల సముద్రానికి ఏం ఒరిగిందో నాకు తెలియదు గానీ, ఈ 61 రోజుల వల్ల చేపలకి ఊపిరి తిరుగుతుందని తెలుసు. అదే సముద్రం 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుగా మన బాపట్ల దగ్గర తీరం దాటితే, తడిసిన ఇళ్ళు ఎత్తిపోసుకుందీ ఈ చేతులే. చూసుకోవటం అంటే అవతలివాళ్ళు తిరిగి మనని చూసుకుంటారన్న హామీ లేకపోయినా చెయ్యటం.

ఇప్పుడు హక్స్‌లీ చెప్పిన రెండో సగం. 1953లో ఆయన మందు తాగిన నాటికే మరియాకి క్యాన్సర్ ఆపరేషన్ అయివుంది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. 1955 ఫిబ్రవరి 12న ఆవిడ కన్నుమూసింది. చివరి గంటల్లో హక్స్‌లీ ఆవిడ తలమీద చెయ్యివేసి పక్కనే కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ కలిసి బతికిన ఎడారి ఆవిడకి ఎంతో ఇష్టం. ఆ ఎడారి వెలుగుని, సంధ్యలని, దూరపు కొండలని ఆవిడకి గుర్తుచేస్తూ, భయం లేదు, ఆ వెలుగులోకి వెళ్ళమని నెమ్మదిగా చెబుతూ ఉండిపోయాడు. ఇదంతా ఆయనే రాసిపెట్టాడు.

నేను చదివినంతలో హక్స్‌లీ ప్రకృతి గురించి రాసిన అన్నిటిలోకీ గొప్పది ఇదే. ఇందులో మందు లేదు. పువ్వు లేదు. కిటికీ అవతల ఎడారైనా లేదు. రెండేళ్ళ కిందట ఏ కళ్ళని తప్పించుకున్నాడో ఆ కళ్ళ దగ్గరే కూర్చున్నాడు. ఆవిడ జీవితమంతా ఆయనకి చదివి వినిపించింది. ఆ రోజు ఆయన ఆవిడకి కొండలని చదివి వినిపించాడు. చూసినది ఇంకొకరి అవసరానికి అక్కరకొచ్చింది. ఆ క్షణాన చూడటం చూసుకోవటంగా మారింది.

ఆ తర్వాత 1962లో 'ఐలాండ్' నవల వచ్చింది. నవలగా అది అంత గొప్పది కాదని ముందే చెప్పేస్తాను. పాత్రలు కథ నడపటం మానేసి ఉపన్యాసాలిస్తుంటాయి. ఓపిక ఉంటే తప్ప ముందుకి సాగదు. కానీ హక్స్‌లీ తన పాత లెక్క దిద్దుకున్నది అందులోనే. పాల అనే ఊహాద్వీపంలో గోరింకలకి మాటలు నేర్పి వదిలేస్తారు. శ్రద్ధ, శ్రద్ధ అని అవి చెట్టు చెట్టునా తిరుగుతూ అరుస్తుంటాయి. ఆ ద్వీపంలోనూ ఒక మందుంది. పేరు మన మాటే, మోక్ష ఔషధం. నటరాజు గుడిలో పెద్దల ఎదుట ఇస్తారు. కానీ దాంతో సరిపెట్టరు. పిల్లలకి మట్టి గురించీ చెట్ల గురించీ చిన్ననాటినుంచే చెబుతారు. డాక్టరైనా సరే ఒంటి చెమటోడ్చి పని చెయ్యాల్సిందే. అంటే మరియని గుడిలోకి పంపించి మార్తని వంటింట్లో వదిలెయ్యకుండా, ఇద్దరినీ ఒకే మనిషిలో కూర్చోబెట్టాలని చూశాడు.

ఆ నవలలో లక్ష్మి అనే ముసలావిడ క్యాన్సర్‌తో చనిపోయే ఘట్టం ఒకటుంది. భర్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని సాగనంపుతాడు. మరియా మరణం తెలిసినవాళ్ళకి అది కథలా అనిపించదు. ఉపన్యాసాల నవలలో కన్నీళ్ళు తెప్పించే పేజీలు అవే. చివరికి చమురు కోసం పక్కదేశం సైన్యం ఆ ద్వీపం మీద పడుతుంది. హక్స్‌లీకి భ్రమలు లేవు. ఎంత శ్రద్ధగా చూసుకున్నదైనా పోవచ్చునని ఆయనకి తెలుసు. 1961లో కొండల మీద రేగిన కార్చిచ్చులో ఆయన సొంత ఇల్లే బూడిదైంది. పుస్తకాలూ, ఉత్తరాలూ అన్నీ పోయి, చేతికి దక్కినవాటిలో ఈ నవల రాతప్రతి ఒకటి.

అందుకని నా సలహా ఏమిటంటే, 'ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్' చదవండి. బాగుంటుంది. మంచి వచనం, దాపరికం లేని మనసు. కానీ అక్కడితో ఆపేసి ఆయన్ని మందుల ప్రవక్త అనేస్తే అన్యాయం. మరియా చివరి రోజు గురించి రాసిందీ, 'ఐలాండ్'లో ఆ లక్ష్మి ఘట్టమూ కూడా పక్కన పెట్టుకుని చదవండి. పూలకుండీ దగ్గర మొదలైన మనిషి ఎక్కడికి చేరాడో అప్పుడు తెలుస్తుంది. తూమెత్తటం వల్ల కాదు, తొమ్మిదేళ్ళపాటు ఒక్కొక్క మెట్టే ఎక్కి చేరాడు.

పిల్లలు రేపెప్పుడో ఇటువంటి అనుభవాలు చెబితే కసురుకోకండి. కసిరితే మన దగ్గర చెప్పటం మానేస్తారు, అంతే. కూర్చోబెట్టి వినండి. ఏం కనిపించింది, ఎంత బాగుంది అని వాళ్ళని తృప్తిగా చెప్పనివ్వండి. ఆ తర్వాత ఒక్కటే అడగండి. "సరే, మర్నాడు పొద్దున్న లేచి ఏం చేశావ్?"